చాటు లేని ఇళ్లల్లో కరోనా కాలం

లాక్‌డౌన్‌లో ఆలుమగలకు బోలెడు తీరిక దొరికిందని, ఏడాది తిరిగేసరికి ఇంటింటా ఉయ్యాల ఊగుతుందని వాట్సాప్‌లో జోకులు తెగ తిరిగాయి. కర్నూలు పాతబస్తీలో పెరిగిన నాకు అవి చదివితే బాధేసింది. ఒక గది, ఒక వంటిల్లు, ఏడుగురు మనుషులు ఉండే ఇళ్లు మావి. 2020 ఏప్రిల్‌లో కేసుల్లో మా జిల్లా రాష్ట్రంలోనే ముందుకొచ్చింది. వీధి మొగదల కట్టెలు అడ్డం కట్టి రెడ్‌జోన్ అన్నారు. మామ అంగడికి, పిల్లలు బడికి పోతే దొరికే ఆ గంటసేపు కూడా పోయింది. మిద్దె మీద పడుకుందామన్నా ఎండాకాలం ఇంటిల్లిపాదీ అక్కడే.

దాంపత్యానికి తీరిక ఒక్కటే చాలదు, చాటు కావాలి. గొడవపడి సర్దుకోవడానికైనా, కడుపారా ఏడవడానికైనా కావాలి. దానికి తోడు పని లేదు, అప్పులు, జబ్బు భయం. దిగులు పట్టి నిద్ర కరువైతే ఒంట్లో కోరిక సన్నగిల్లడం సహజమే. ఆ సంగతి చెప్పేవాళ్లు లేక, 'నా మీద ఇష్టం పోయిందేమో' అని ఇద్దరూ లోలోపలే కుమిలిపోయారు.

2021లో మా బావకు పాజిటివ్ వచ్చింది. ఉన్న ఒక్క గదీ ఆయనకిచ్చి తక్కినవాళ్లు వంటింట్లో సర్దుకున్నారు. అక్క స్టీలు కంచం గడప కాడ పెట్టి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగేది. నెగెటివ్ వచ్చాక కూడా, కంచం అందించబోయిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయేదట. "కింద పెట్టు, నేనే తీసుకుంటాలే అన్యాడు రా. ఆ మాటకే ఏడుపొచ్చె" అంది.

వాళ్లిద్దరూ మెల్లగా కోలుకున్నారు. దెబ్బలు తిన్న ఆడవాళ్ల మాట వేరు. 2020 ఏప్రిల్ 10న జాతీయ మహిళా కమిషన్ ఫిర్యాదులకు వాట్సాప్ నంబర్ ఇచ్చింది. మంచి పనే. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ కొట్టేవాడి జేబులోనే ఉంటే ఆమె ఎక్కడ నుంచి రాయాలి?

కరోనా మొదటి ఏడాదిలో ఆందోళన, కుంగుబాటు ప్రపంచమంతటా 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దగ్గర మనసు బాధ చెప్పుకోవడానికి ఉచితంగా ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 మొదలైంది మాత్రం 2022 అక్టోబరులో. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి జ్వరముందా, దగ్గుందా అని అడిగారు. నిద్ర పడుతోందా, ఇంట్లో ఎట్లుంది అని కూడా అడగాల్సింది. అదీ అత్తమామల ముందు గడపలో నిలబెట్టి కాదు, అంగన్‌వాడీకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి.