మూడు వైర్ల ఇల్లు

నల్లగొండ రామగిరిలో మా మేనమామ ఇంటికి మూడు ఇంటర్నెట్లు. ఉండేది నలుగురు. ల్యాండ్‌లైన్ మామది, కేబుల్ పెద్ద బావది, ఫైబర్ చిన్న బావది. అత్తకు ఏదీ లేదు. మూడింటి మీది దుమ్ము మాత్రం ఆమే దులుపుతుంది.

మామ రిటైర్డ్ హెడ్మాస్టరు. ఫోన్ నంబరు మారిస్తే పాత శిష్యులు తనను ఎట్లా పట్టుకుంటారన్నది ఆయన బెంగ. ఆ శిష్యుల్లో సగం మంది తాతలయ్యారు, మిగతా సగం వాట్సాప్‌లో దొరుకుతున్నారు. అయినా ఆ రాగి తీగను వదలడు. ఎవరైనా స్పీడ్ మాటెత్తితే వేళ్లు ముడిచి లెక్క చెబుతాడు.

"2004ల 256 కేబీపీఎస్ వస్తే బ్రాడ్‌బ్యాండే అన్నది సర్కారు. 2013ల దాన్ని 512 చేసింది. 2023ల రెండు ఎంబీపీఎస్, అంటే రెండు వేల కేబీపీఎస్ చేసింది. నాకు మూడొస్తది. పాసైనట్టా, కాదా?"

హెడ్మాస్టరు కదా, పాసైతే చాలు, ర్యాంకుతో పనిలేదు.

ఆ మూడు కూడా ఎండాకాలం మార్కులే. ఫోన్ తీగ మీద వచ్చే ఏడీఎస్‌ఎల్ కాగితం మీద 24 ఎంబీపీఎస్ దాకా పోతుంది గానీ, టెలిఫోన్ ఎక్స్ఛేంజీ పక్కనే ఇల్లుండాలి. దూరం పెరిగేకొద్దీ స్పీడు పడిపోతుంది. మామ ఇంటికి ఆ తీగ ఎన్ని సందులు తిరిగి వస్తుందో దానికే ఎరుక. వాన పడితే జాయింట్లలోకి నీళ్లు దిగి రిసీవర్‌లో కరకరమంటుంది. అది విని "లైన్ బతికే ఉన్నది" అని ఆయన సంబరపడతాడు. ఫోనూ నెట్టూ ఒకదానికొకటి అడ్డం రాకుండా మధ్యలో ఒక ఫిల్టర్ పెడతారు. "నడుమ ఇదెందుకు అడ్డం?" అని మామ దాన్ని ఎప్పుడో పీకేశాడు. అప్పటినుంచి ఫోన్ మోగిందంటే నెట్ పోతుంది.

పెద్ద బావకు కేబులాయన బడి దోస్తు. టీవీ వచ్చే నల్ల వైరులోనే నెట్టూ వస్తుంది. బావ పొద్దున పదకొండింటికి స్పీడ్ టెస్ట్ పెట్టి, స్క్రీన్‌షాట్ తీసి, ఫ్యామిలీ గ్రూపులో పడేస్తాడు. గల్లీ జనమంతా పనుల మీద పోయి, ఆ వైరు మొత్తం బావ ఒక్కడిదే అయ్యే టైము అది. రాత్రి ఎనిమిదింటి స్క్రీన్‌షాట్ ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. ఆ కేబుల్ నెట్‌కు ఇంకో గుణం ఉంది. రావడానికి ఇచ్చినంత దారి పోవడానికి ఇవ్వదు. వీడియో కాల్‌లో అవతలివాళ్లు మనకు చక్కగా కనబడతారు, వాళ్లకు మాత్రం మన ముఖం గళ్ల లుంగీలా కనబడుతుంది. పైగా సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్ ఒకటి స్తంభం మీద ఉంటుంది, దానికి కరెంటు కావాలి. అది పక్క గల్లీ లైన్ మీద ఉంది. మన ఇంట్లో ఫ్యాన్ తిరుగుతూ ఉండగానే నెట్ పోతుంది.

ఇక చిన్న బావ. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాడు. ఫైబర్ పెట్టించిన నాటి నుంచి పాలాయనను కూడా నిలబెట్టి క్లాసు పీకుతున్నాడు. వెంట్రుక మందం గాజులో వెలుతురు పోతదట, వాన నీళ్లతో దానికి పనిలేదట, ఇరవై కిలోమీటర్లయినా అలసిపోదట.

"రెండున్నర జీబీపీఎస్, అంటే రెండున్నర వేల ఎంబీపీఎస్ వస్తది నాయినా!"

"మన ఇంటికేనా?" అన్నాడు మామ.

"మన ఇంటికొక్కదానికే కాదు. 32 ఇండ్లకు పంచుతరు."

"అట్ల చెప్పు. రేషన్ అన్నట్టు."

మాటలు ఎట్లున్నా, మూడింట్లో గట్టిది ఫైబరే. ఆ సంగతి మామకూ తెలుసు, ఒప్పుకోడంతే. చిన్న బావ దానికి బుడ్డ యూపీఎస్ కూడా పెట్టాడు, కరెంటు పోయినా ఆగొద్దని.

శ్రావణంలో మా మరదలికి టెక్సాస్‌లో శ్రీమంతం పెట్టుకున్నారు. అక్కడ పొద్దున తొమ్మిదిన్నర అంటే ఇక్కడ రాత్రి ఎనిమిది. హాల్లో పెద్ద టీవీకి కాల్ కలిపి అందరం చూడాలని ప్లాను. మిర్యాలగూడ నుంచి, సూర్యాపేట నుంచి చుట్టాలు దిగారు. దేవరకొండ పెద్దమ్మ మోకాళ్ల నొప్పులతో రాలేక, ఫోన్లో అన్నీ కనుక్కుంటానని కబురు చేసింది. అత్త రెండు రోజుల ముందు నుంచే ఇల్లు కడిగి, దులిపి, సర్దింది.

ఎనిమిదికి పది నిమిషాలుండగా చిన్న బావ రిమోట్ పట్టుకుని నిలబడ్డాడు. ఫైబర్ డబ్బా మీద ఎర్ర లైటు.

"ఎవరన్నా ముట్టిన్రా దీన్ని?"

"ముట్టలే, జర తుడిచిన," అన్నది అత్త.

డబ్బాను ఆపి వేశాడు, వేసి ఆపాడు. యూపీఎస్ పచ్చగా వెలుగుతోంది, డబ్బా ఎర్రగానే ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్నారు. పెద్ద బావ ముఖం వెలిగిపోయింది. తన వైరు తెచ్చి టీవీకి గుచ్చాడు. మరదలు కనబడింది! పట్టుచీర, పూలజడ, వెనక వియ్యపురాలు. హాలంతా చప్పట్లు. అవతల నుంచి మరదలు, "అమ్మా, నువ్వెక్కడున్నవే? అన్నీ గళ్లే కనవడ్తున్నయ్," అంటోంది. అత్త టీవీ దగ్గరికి జరిగింది. కెమెరా ల్యాప్‌టాప్‌కు ఉందని ఎవరూ చెప్పలేదు. ఇంతలో పక్క గల్లీలో కరెంటు పోయింది, దాంతో పాటే మరదలు.

అప్పుడు లేచాడు మామ. కొత్త పంచె సర్దుకుని తన మోడెం పట్టుకొచ్చాడు. బయట వాన సన్నగా పడుతోంది. బొమ్మ ఆగి ఆగి వచ్చింది, మాట మాత్రం సాఫ్‌గా వచ్చింది. "చూసిన్రా?" అన్నట్టు కొడుకులిద్దరినీ చూశాడు. అటు గాజుల పళ్లెం ఎత్తారు. సరిగ్గా అప్పుడే ల్యాండ్‌లైన్ మోగింది.

దేవరకొండ పెద్దమ్మ.

"ఏమే, మంచిగ కనవడ్తుందా?"

ఫోన్ నెట్ ఉంది కదా అంటారేమో. అది పాత రాతిగోడల ఇల్లు, సిగ్నల్ కావాలంటే మిద్దె ఎక్కాలి. చిన్న బావ గొడుగు పట్టుకుని ఎక్కాడు. మెట్ల మీద వరసగా చుట్టాలు నిలబడ్డారు. పైనుంచి కామెంట్రీ మొదలైంది.

"గాజులు తొడుగుతున్రు!"

"ఎవరు?" అని కింది నుంచి కేక.

"ఎర్ర చీరామె!"

"ఎర్ర చీర ఎవరిది?" అన్న ప్రశ్న మెట్టు మెట్టూ దిగి, వంటింటి దాకా వెళ్లి, నాలుగు జవాబులతో పైకి వచ్చింది. అప్పటికి అక్కడ భోజనాలు వడ్డిస్తున్నారు.

తెల్లారి ఫైబర్ అబ్బాయి వచ్చాడు. పెద్ద పెట్టెలో గాజుపోగు అతికించే మిషన్ మోసుకొచ్చాడు, దాన్ని తెరవనే లేదు. వైరు వెంబడి నడుచుకుంటూ పోయి లక్ష్మీదేవి ఫొటో వెనక చెయ్యి పెట్టాడు. వేలాడే వైరు ఇంటికి అందం కాదని అత్త దాన్ని మడతలు పెట్టి, పసుపు దారంతో బిగించి ముడేసి, అక్కడ దాచింది. అతను ముడి విప్పాడు. డబ్బా మీద పచ్చ లైటు వెలిగింది. పానగల్లు ఛాయా సోమేశ్వరుడి గుడిలో శివలింగం మీద పగలంతా నీడ కదలకుండా కట్టినవాళ్లు మా నల్లగొండ వాళ్లే. వెలుతురును మెప్పించి అట్లా చేశారు. అత్త దారంతో ఆపేసింది.

"వైరును గంత గట్టిగ మడవొద్దమ్మా. లైటు బయటికి పోతది."

"బయటికొస్తే నాకెందుకు కనవడలే?"

"అది కంటికి కనవడే లైటు కాదమ్మా."

అబ్బాయి అన్నది నిజమే. ఇంటికి వచ్చే వెలుతురు అల పొడవు 1490 నానోమీటర్లు, ఇంటి నుంచి పోయేదానిది 1310. మన కన్ను ఏడు వందల చిల్లర దగ్గరే చేతులెత్తేస్తుంది. చిన్న బావ ఇదంతా విడమరచి చెప్పబోయాడు. అత్త అతని వైపు చూడనైనా లేదు, మామ వైపు తిరిగింది.

"కనవడని లైటుకు నెలనెలా బిల్లు కడుతున్నరా మీరు?"