ద్వీపంలో గదిని ఎన్నుకొను విధానం

ఉష్ణమండల ద్వీపానికి విహారయాత్ర తలపెట్టిన గృహస్థు ముందుగా గ్రహించవలసిన సంగతి ఒకటుంది. సముద్రాన్ని చూసి గదిని ఎంచుకునే కాలం పోయింది. ఇప్పుడు గది ఫొటోను చూసి ద్వీపాన్ని ఎంచుకుంటున్నారు. మంచం మీద తువ్వాళ్లతో మలిచిన రెండు హంసలు ముక్కులు ఆనించుకొని కనిపించిన తరువాత, ఆ ద్వీపం ఏ మహాసముద్రంలో ఉంది, ఆ నెలలో అక్కడ గాలి ఎటు నుంచి వీస్తుంది వంటి అల్పవిషయాలను ఆరా తీయడం సంస్కారవంతుల లక్షణం అనిపించుకోదు.

గాలికి మాత్రం అంత సంస్కారం లేదు. మారిషస్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆగ్నేయ వాణిజ్య పవనాలు తూర్పు తీరంలోని అతిథుల టోపీలను ఎగరేసుకుపోతుంటే, పడమటి తీరంలోని వారు ప్రశాంతంగా పత్రిక చదువుకుంటారు. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ పడమటి తీరాన మే నుంచి అక్టోబరు దాకా నైరుతి రుతుపవనాల అలలకు ఎర్రజెండాలు లేస్తాయి. అదే దేశంలో ఆవలి వైపు సముద్రంలో ఉన్న కో సముయికి పెద్ద వానలు అక్టోబరు వచ్చాకగానీ రావు. ఈ భేదం తెలుసుకోవడానికి పటం మీద ఒక్క చూపు చాలు. అయితే ఆ చూపుకు డిస్కౌంటు ఎవరూ ఇవ్వరు గనుక, వానాకాలానికి ‘గ్రీన్ సీజన్’ అని నామకరణం చేసి అద్దె తగ్గించిన హోటలునే మనం ఆశ్రయిస్తాము. ఆ పచ్చదనం ఎక్కడి నుంచి వస్తుందో, ద్వీపం చేరిన రోజున పైకప్పు మీద వినిపిస్తుంది.

సముద్రం ఒడ్డునే గది తీసుకున్న వారికి ఇంకొక పరీక్ష ఉంది. తూర్పు ఆఫ్రికా దీవి జాంజిబార్ తూర్పు తీరంలో పోటు తీసినప్పుడు సముద్రం వందల మీటర్లు వెనక్కి వెళ్లిపోతుంది. ఉదయం గుమ్మం ముందు ఉన్న నీరు మధ్యాహ్నానికి దిగంతాన సన్నని గీతగా మిగులుతుంది. మధ్యలో బురద, నాచు, పగడపు రాళ్లు. ఉత్తరాన నుంగ్వి వైపు ఈ బాధ తక్కువని తెలిసినవారు చెబుతారు. రోజుకు రెండుసార్లు సముద్రం ఇలా సెలవు తీసుకున్నా గది అద్దెలో ఒక్క పైసా తగ్గించే హోటలు ఇంకా పుట్టలేదు. వినియోగదారుల సంఘాలు దృష్టి పెట్టవలసిన విషయమిది.

గదుల తరగతుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ‘పార్షియల్ ఓషన్ వ్యూ’ అన్న గదిలో సముద్రం కొంత కనిపిస్తుంది. మిగిలిన భాగాన్ని నీళ్ల ట్యాంకు గానీ, అంతే మొత్తం చెల్లించి మన వైపే చూస్తూ నిలబడ్డ పక్క హోటలు అతిథి గానీ ఆక్రమించుకొని ఉంటారు.

అసలు మహిమంతా నీటి మీద గుంజలు పాతి కట్టిన కుటీరాలది. 1967లో ఫ్రెంచ్ పాలినేషియాలోని రయతేయా ద్వీపంలో ముగ్గురు అమెరికన్లు ఈ కుటీరాలను మొదటగా కట్టారు. కారణం అక్కడ చెప్పుకోదగిన ఇసుక తీరం లేకపోవడమే. తీరం లేని చోట అతిథిని ఎక్కడో ఒకచోట పడుకోబెట్టాలి గనుక నీటి మీద పడుకోబెట్టారు. అంటే లోపాన్ని కప్పిపుచ్చడానికి కనిపెట్టిన ఉపాయమన్నమాట. ఆ ఉపాయం ఇప్పుడు తెల్లని ఇసుక పుష్కలంగా ఉన్న దీవులకు చేరి, ఇసుక మీది గది కన్నా ఎక్కువ అద్దెకు పోతోంది. చక్కని తీరమున్న దీవికి వెళ్లి ఆ తీరానికి దూరంగా పడుకోవడానికి అదనంగా చెల్లించే ఈ ఔదార్యాన్ని అర్థశాస్త్రజ్ఞులు ఎందుకు పట్టించుకోలేదో తెలియదు. కుటీరం నేలకు అద్దం కూడా బిగిస్తారు. కింది చేపలు మనల్ని ఉచితంగానే చూస్తాయి.

మాల్దీవులలో ఈ శాస్త్రం పరాకాష్ఠకు చేరింది. 1972లో మొదటి రిసార్టు తెరిచినప్పటి నుంచి అక్కడ ఒక దీవికి ఒక రిసార్టు అన్న పద్ధతి నడుస్తోంది. గది నచ్చకపోతే పక్క హోటలుకు మారవచ్చు, కాకపోతే ఈదుకుంటూ వెళ్లాలి. భోజనం సంగతీ అంతే. ‘అల్పాహారం మాత్రమే’ అన్న చౌక పథకం తీసుకున్న పొదుపరి, మధ్యాహ్నం ఆకలి వేసినప్పుడు దీవి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బయలుదేరిన భోజనశాలకే తిరిగి వస్తాడు. దూరపు దీవులకు వెళ్లే సీప్లేన్, అంటే నీటి మీద దిగే చిన్న విమానం, పగటి వెలుతురులోనే ఎగురుతుంది గనుక, సాయంత్రం విమానం దిగినవారు స్వర్గంలోని గదికి అద్దె కడుతూ రాజధాని మాలే పరిసరాల్లో ఇంకో గదిలో నిద్రిస్తారు. ఇంత వైభవం భరించలేని వారికి జనావాస దీవులలో అతిథిగృహాలు ఉన్నాయి. అక్కడ మద్యం దొరకదు, ఈతదుస్తులకు వేరుగా కేటాయించిన తీరం ఉంటుంది. మనుషులు నిజంగా నివసించే ఊరు కావడం వల్ల కాబోలు, ఫొటోలలో దానికి అంత ఆదరణ లేదు.

ఇసుక తెలుపు గురించి మాత్రం పట్టుదల సడలించరాదు. ఆ తెల్లని ఇసుకలో ఎక్కువ భాగం ప్యారట్‌ఫిష్ అనే చేప పగడపు రాతిని కొరికి నమిలి విసర్జించినది. పెద్ద చేప ఒక్కటే ఏడాదికి వందల కిలోలు తయారుచేస్తుంది. దాని మీద చెప్పులు లేకుండా నడవడం కోసమే మనం సముద్రాలు దాటుతున్నాము. చేప విసర్జనలో తప్పేమీ లేదు. విచారించవలసింది హోటలు విసర్జన గురించి. 2018లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం బొరాకే దీవిని ఆరు నెలలపాటు మూసివేసింది, ఎందుకంటే అక్కడి మురుగు నేరుగా సముద్రంలోకి పోతోంది. అందమైన సముద్రానికి ఎదురుగా గది తీసుకొని ఆ సముద్రంలోకే మన స్నానాల గది నీటిని పంపించే ఏర్పాటు మీద బుకింగ్ పేజీలో ఒక గడి ఉంటే బాగుండేది. వైఫై వేగానికి ఉంది.

ఇక సమీక్షలు చదవక తప్పదు. సముద్రం పూర్తిగా కనిపించే గది తీసుకున్న ఒక అతిథి రాత్రంతా అలల చప్పుడు వల్ల నిద్ర పట్టలేదని రెండు నక్షత్రాలు కోసేస్తాడు. యాజమాన్యం అసౌకర్యానికి విచారం వెలిబుచ్చి, ఈసారి సముద్రానికి దూరంగా, తోట వైపున, అదే ధరకు గది ఇస్తామని మాట ఇస్తుంది.