ఫొటోలోంచి దిగని తెల్ల స్విఫ్ట్‌కి ఒక ఉత్తరం

ఓ తెల్ల స్విఫ్టూ,

బాగున్నావా? బాగానే ఉంటావులే. ఎండకి ఎండవు, వానకి తడవవు, పెట్రోలు అడగవు. నిన్ను ఇప్పటిదాకా ఎంతమంది కొన్నారోగానీ, ఒక్కరూ ఎక్కి ఉండరు.

‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అంటారు. నీ దగ్గర ఆ సామెత కూడా చెల్లలేదు. 2019 మోడల్, 31 వేల కిలోమీటర్లు, సింగిల్ ఓనర్, ధర 2 లక్షల 40 వేలు! మా వీధి చివరి మెకానిక్ నాలుగున్నర లక్షలకి తక్కువైతే రాదన్నాడు. అతనికేం తెలుసు, ఆన్‌లైన్‌లో చూడడుగా అనుకున్నాను. నా తెలివి మీద నాకు అంత నమ్మకం అంతకుముందెప్పుడూ కలగలేదు.

నీ షోరూమ్ ఉప్పల్లో అని వెబ్‌సైట్‌లో ఉంది. మా ఇంటికి నలభై నిమిషాలు. వస్తానంటే మేనేజరు గారు ఎంతో మర్యాదగా, “ఎందుకు సార్ శ్రమ? బండి ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో ఉంది. 5,000 టోకెన్ కట్టండి, ఇంటికే పంపిస్తాం. ఇంకో పార్టీ లైన్లో ఉన్నారు” అన్నారు. పిల్లను చూడకుండా తాంబూలాలు పుచ్చుకున్నవాళ్ళు మా వంశంలో లేరు. నేను పుచ్చుకున్నాను.

డబ్బు కట్టాక బుద్ధి వచ్చింది, అదీ వాయిదాల్లో. ముందు నీ ఫొటోని పెద్దది చేసి చూశాను. నీ వెనక గోడ మీద గుజరాతీ అక్షరాలు. ఉప్పల్లో! తర్వాత బిల్లు మీది జీఎస్టీ నంబరు. తెలంగాణదైతే 36తో మొదలవ్వాలి. నీది 24, అంటే గుజరాత్. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే (లాగిన్ కూడా అక్కర్లేదు) ఎవరో బట్టల వ్యాపారి పేరొచ్చింది. తను కార్లు కూడా అమ్ముతున్నట్టు పాపం ఆయనకి తెలుసో లేదో. ఇక నేను డబ్బు పంపిన ఖాతా షోరూమ్ పేరు మీదా లేదు, ఆయన పేరు మీదా లేదు, ఎవరో అమ్మాయి పేరు మీద ఉంది. “అకౌంట్స్ మేడమ్ సార్” అన్నారు మేనేజరు గారు.

ఫొటోలో నీ నంబరు ప్లేటు మీద షోరూమ్ స్టిక్కరు అతికించి ఉంది. పట్టుబట్టి నంబరు తీసుకుని, బండి వివరాలు చూపించే ప్రభుత్వ యాప్ ఎం-పరివాహన్‌లో చూశాను. అక్కడ నీ మీద జాలేసింది. నువ్వు స్కూటరువట! ఇన్సూరెన్స్ కూడా ఎప్పుడో అయిపోయిందట. మిగతా రెండు చక్రాలూ ఎక్కడ దాచావమ్మా?

పాత బండ్లు కొని అమ్మే డీలర్లు 2023 ఏప్రిల్ నుంచి రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది పంపమంటే మేనేజరు గారు ఎయిర్‌పోర్టు గేట్ పాస్‌కి బిల్లు పంపారు. 11,150 రూపాయలు, రీఫండబుల్. వద్దు బాబూ, నా 5,000 ఇచ్చెయ్యండి అన్నాను. వెంటనే ఒప్పుకున్నారు! క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమన్నారు. మూడో అంకె మీద నా వేలు ఉండగా మా ఆవిడ వంటింట్లోంచి, “డబ్బులు రావడానికి పిన్నెందుకండీ?” అంది. రోజూ కూరగాయల బండి దగ్గర ఫోన్‌తో కట్టేది తనే మరి.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను. మోసం జరిగిన వెంటనే చేస్తే ఖాతాలో ఉన్న డబ్బు ఆపే వీలుంటుంది. నేనేమో మేనేజరు గారు మంచివారేమోనని మూడు రోజులు మొహమాటపడ్డాను. అప్పటికి ఖాతా ఖాళీ.

ఇప్పుడు మా ఇంటి ముందు 2014 వ్యాగనార్ ఉంది. ఎడమ తలుపు గట్టిగా వేస్తేగానీ పడదు. ఓనరు ఇంటికెళ్ళి, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిచూసి, లోన్ తీరినట్టు బ్యాంకు ఎన్‌వోసీ చూసి, బండి నా పేరుకి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాకే డబ్బిచ్చాను. ఆయన నన్ను ఒక్కసారి కూడా సార్ అనలేదు.

మొన్న నువ్వు మళ్ళీ కనిపించావు. విజయవాడకి మారావు, ఇరవై వేలు తగ్గావు, గోడ మాత్రం అదే. ఫొటో పంపింది మా బావమరిది. “బావా, ఇంకో పార్టీ లైన్లో ఉన్నారట, టోకెన్ కట్టెయ్యనా?” అని. బండి చూశావా అని అడిగాను.

“ఎలా చూస్తాను బావా, ఎయిర్‌పోర్టులో ఉందిగా!”

ఇట్లు,
నీ అనేకమంది సింగిల్ ఓనర్లలో ఒకణ్ణి