తెగింది ఒక్క తీగ, మార్చమన్నది మొత్తం సెట్టు

పాత కారులో సెంట్రల్ లాకింగ్, అంటే ఒక్కసారి లాక్ చేస్తే అన్ని తలుపుల గడియలనూ మోటార్లే వేసే ఏర్పాటు, ఒక తలుపుకు పనిచేయడం లేదని చెప్పి చూడండి. నేను అడిగిన ప్రతి దుకాణంలోనూ ఒకటే జవాబు: "సెట్టు మార్చేద్దాం సార్." ఫ్యూజు చూడరు, తలుపు విప్పరు. ఏ తలుపో కూడా అడగరు!

మా కారుకు పదిహేనేళ్లు దాటాయి. లాక్ చేస్తే మూడు తలుపులు టక్‌మంటాయి, ముందు ఎడమ తలుపు ఉలకదు, పలకదు. మూడు పనిచేస్తున్నాయంటే ఫ్యూజూ, కంట్రోల్ పెట్టె బాగున్నట్టే కదా? నాలుగూ ఒకేసారి మూగబోతే ముందు ఫ్యూజు, తర్వాత డ్రైవరు తలుపు మోటారు చూడాలి. బయట అమ్మే కిట్లలో సాధారణంగా దానికే అయిదు తీగలు: రెండు మోటారువి, మూడు మిగతా తలుపులకు ఆజ్ఞ పంపే స్విచ్చువి. మిగతావాటికి రెండే. ఆ రెండింటిలో ప్లస్సు, మైనస్సు తారుమారైతే లాక్ అయ్యేది కాస్తా తెరుచుకుంటుంది. ఇందులో ఇంతకు మించి బ్రహ్మవిద్య లేదు.

తలుపు కీళ్ల దగ్గర నల్లటి రబ్బరు గొట్టం ఉంటుంది, గమనించారా? తీగలన్నీ అందులోంచే పోతాయి. తలుపు తీసి వేసిన ప్రతిసారీ వంగుతాయి. ఏళ్ల తరబడి వంగితే తెగవా మరి? గొట్టం వెనక్కి లాగి చూశాను. ఆకుపచ్చ తీగ తొడుగు పగిలి, రాగి నల్లబడి, ఒకే ఒక్క పోగు మీద వేలాడుతోంది. తీగ తెగిందో లేదో చూసే మల్టీమీటరు పెడితే మాత్రం నిక్షేపంలా బీప్‌మంటుంది. బీప్‌కు ఆ పోగు చాలు, మోటారు లాగే కరెంటుకు చాలదు. అందుకే మోటారు స్థానంలో 21 వాట్ల ఇండికేటరు బల్బు తగిలించి, ఇంకొకరిని లాక్ చేయమనాలి. బల్బు మసకబారితే దొంగ దొరికినట్టే.

బ్యాటరీ నెగటివ్ తీసేశాకే తీగ మీద చెయ్యి వేయండి. అతుకును ఆ రబ్బరు గొట్టం లోపల పెట్టకండి. సోల్డరు చేసిన చోట తీగ బిరుసెక్కి, మళ్లీ వంగితే తెగుతుంది. పొడవైన కొత్త తీగ వేసి, ఒక అతుకు తలుపు లోపల, రెండోది డ్యాష్‌బోర్డు కింద పడేలా చూడాలి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో సన్నపోగుల తీగ దొరుకుతుంది, ఖర్చు అదే.

నాకు ఒళ్లు మండింది డోర్ ప్యాడ్ విప్పాక. అంతకుముందు స్పీకర్లు బిగించిన మహానుభావుడు లోపలి ప్లాస్టిక్ షీటు చింపి పారేశాడు. అద్దం వెంట దిగే వాననీరు తలుపు అడుగు రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. అది కారులోకి రాకుండా ఆపేది ఆ షీటే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన దంచికొట్టే చెన్నైలో చేసే పనేనా ఇది?

నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన పక్కింటి బాబాయిగారు చూసి, "ఎందుకు నాయనా ఈ తంటా, మెకానిక్‌కు ఇవ్వరాదూ?" అన్నారు. ఇస్తానండీ. లోపం వెతికినందుకు ఎంత అడిగినా బేరమాడను. వెతక్కుండా వస్తువు అంటగట్టినందుకు ఎందుకివ్వాలి?

వెనుక ఎడమ తలుపు ఇంకా నసుగుతోంది. టక్‌మంటుంది కానీ నాబ్ సగంలో ఆగుతోంది. మోటారును గడియకు కలిపే కడ్డీ విడదీస్తే గడియ చేత్తో తేలిగ్గానే కదిలింది, అంటే మోటారు లోపలి ప్లాస్టిక్ పళ్లు అరిగి ఉండాలి. పుదుపేటలో పాత కార్ల నుంచి తీసిన విడిభాగాలు దొరుకుతాయి. ఈ వారం వెళ్లి మోటారు ఒక్కటే తెస్తాను.