మనుషులకీ ఒక బందెలదొడ్డి కావాలి

పోయిన శుక్రవారం తెల్లారి అయిదుంబావుకి మా తోట కాసే తాత ఫోన్ చేసాడు. ఆయన ఫోన్ చేసాడంటే కారణాలు రెండే, చుట్టలకి డబ్బులైనా అయిపోవాలి, బోరు దగ్గర ఏదైనా పోయైనా ఉండాలి. "బావూ, కేబులు ఒట్టుకుపోనారు, స్టార్టరు డబ్బా కూడా నేదు, డబ్బా తగిలించిన సెక్క మాత్రం ఉంది" అన్నాడు. ఆ చెక్క ఉందని చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా వినిపించింది, కాపలా మొత్తం వృథా కాలేదు కదా.

విశాఖ మద్దిలపాలెంలో బండి తీసి ఆనందపురం మీదుగా పద్మనాభం దగ్గర మా తోటకి చేరేసరికి ఏడయింది. గెడ్డ (అంటే మా వైపు వాగు) గట్టున మూడు రాళ్ళు పొయ్యిలా పేర్చి ఉన్నాయి, మధ్యలో నల్లటి బూడిద, ఇంకా వెచ్చగానే ఉంది, కాలిన ప్లాస్టిక్ కంపు. కేబుల్ పై తొడుగు అక్కడే కాల్చేసి లోపలి రాగి మాత్రం తీసుకుపోతారు, బరువు తగ్గుతుంది, గుర్తూ ఉండదు. పక్కనే రెండు పేపర్ టీ గ్లాసులు. అంటే ఫ్లాస్కు తెచ్చుకున్నారు. పన్నెండేళ్ళుగా ఆ తోటకి తిరుగుతున్నా, నేనెప్పుడూ ఫ్లాస్కు తెచ్చుకోలేదు. మా ఇద్దరిలో ఆ భూమిని సీరియస్‌గా తీసుకున్నదెవరో అప్పుడర్థమైంది.

అసలు మా తోటకి నేను తప్ప అందరూ రెగ్యులర్‌గానే వస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి పాత జీడిచెట్లు మొత్తం పడుకోబెట్టేస్తే ఆ గుంతల్లోనే సువర్ణరేఖ మామిడి మొక్కలు వేసా, కాపుకొచ్చి నాలుగైదేళ్ళయింది, అందులో నేను తిన్న కాయలెన్నో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, మిగతావి ఎవరు తిన్నారో టెంకల్ని బట్టి మాత్రమే చెప్పగలను.

శనివారం సాయంత్రం బ్యాచ్ వేరు. సిటీ నుంచి బైకుల మీద వస్తారు, ముగ్గురికో బండి, మెడలో ఐడీ కార్డులు, సంచిలో బీర్లు, ఇంకో సంచిలో బిర్యానీ పొట్లాలు. ఇదేంటి బాబూ ఇది మా తోట అంటే "అంకుల్, నేచర్ కోసం వచ్చాం" అంటారు. నేచర్‌కీ సీసా పగలగొట్టడానికీ సంబంధం ఏంటో నాకిప్పటిదాకా అంతు చిక్కలేదు, కలుపు తీసేవాళ్ళ కాళ్ళకి మాత్రం బాగా తెలుసు. వీళ్ళ కోసమే ఒక కుక్కని పెంచా. అది మొదటి రెండు వారాలు మొరిగింది, తర్వాత చికెన్ ఎముకలకి అలవాటు పడి ఇప్పుడు శనివారం నాలుగయ్యేసరికి గేటు దగ్గరకెళ్ళి తోకాడిస్తూ కూర్చుంటోంది. నేనొస్తే మొరుగుతుంది.

కార్తీక మాసంలో వచ్చేవాళ్ళని ఏమీ అనలేం, పుణ్యం కోసం వచ్చారు కాబట్టి. మా ఉసిరిచెట్టు చూసి రెండు వ్యాన్లు దిగాయి ఒకసారి, గాడిపొయ్యి తవ్వేసారు, పులిహోర కలిపేసారు, తంబోలా ఆడుతున్నారు. నేను వెళ్ళి నిలబడితే నన్ను చూసి ఒక పెద్దావిడ "రా నాయనా, నువ్వూ ఒక ఆకెయ్యి" అంది. నా తోటలో నేనే అతిథినై భోంచేసి వచ్చా. పనసపొట్టు కూర అద్భుతం. పనసకాయ నాదే అని తర్వాత తెలిసింది.

ప్రీవెడ్డింగ్ షూటింగులవాళ్ళకి మా పక్కాయన సరుగుడు తోట ఇష్టం, కానీ దారి మాత్రం మా బంతి మడిలోంచే కావాలి. రియల్ ఎస్టేట్ కుర్రాళ్ళు భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పుకుంటూ టేపు పట్టుకుని వస్తారు, వాళ్ళలో ఒకడు నాకే ఫోన్ చేసి ఏదో వ్యాలీ ఫేజ్ టూలో ప్లాటు ఉంది సార్, ఈశాన్యం బిట్టు, పక్కనే గెడ్డ వ్యూ అని ఫోటో పంపితే అందులో మా తాత చుట్ట కాలుస్తూ కూర్చుని ఉన్నాడు.

వీళ్ళందరినీ ఆపడానికి నేనేం చెయ్యలేదని అనుకోకండి. సిమెంటు స్తంభాలేసి ముళ్ళకంచె వేయించా. (ఆ కంచె గెడ్డ పోరంబోకులోకి రెండు గజాలు జరిగిందని సర్వేయర్ అంటాడు, ఆ విషయం ఇక్కడ అప్రస్తుతం.) కంచె వేసిన నెలకే తీగ చుట్టలు చుట్టుకుని ఎవరో పట్టుకుపోయారు, స్తంభాలు మిగిలాయి, మేకలు గోక్కోవడానికి పనికొస్తున్నాయి. తర్వాత సోలార్ కెమెరా పెట్టా, సిమ్ము వేసేది. అది సరిగ్గా పదకొండు రోజులు పనిచేసింది, పన్నెండో రోజు రాత్రి ఒక అరచెయ్యి దగ్గరగా వచ్చింది, అంతే. ఆ సిమ్ముకి ఇప్పటికీ నేనే రీచార్జి చేస్తున్నా, ఎప్పటికైనా ఆ దొంగ ఇంట్లోంచి లైవ్ వస్తుందేమోనని ఒక ఆశ.

కొందరు పెద్దలు సలహా ఇచ్చారు, పందులకని చెప్పి రాత్రిపూట ఒక కరెంటు తీగ లాగేయి, దెబ్బకి ఒక్కడూ రాడు అని. ఇలాంటి సలహా ఇచ్చేవాళ్ళు జైలుకి మాత్రం రారు. ఆ తీగ తగిలేది పందికా, చీకట్లో దొడ్డికి బయల్దేరిన పక్కూరి మనిషికా, మన సొంత తాతకా అనేది కరెంటుకి తెలీదు. దొంగకి పడేది చిన్న కేసు, తీగ లాగినవాడికి పడేది ప్రాణం తీసిన కేసు, పైన కరెంటు దొంగతనం కేసు అదనం. ఈ ఒక్క విషయంలో నాకు వెటకారం రాదు.

ఇక ఆయుధాల మార్గమంటారా, మా పద్మనాభంలో చొరబాటుదారుల మీద గట్టిగా కత్తి దూసింది 1794 జులై 10న, విజయనగరం చిన విజయరామరాజు గారు ఈస్టిండియా కంపెనీ సైన్యం మీద. అంత బలగం ఉన్న రాజుగారే ప్రాణాలు పోగొట్టుకున్నారు, నా దగ్గరున్నది ఒక టార్చిలైటూ, డెబ్బై దాటిన తాతా.

అందుకని చట్టం చదవడం మొదలెట్టా. చదివితే కళ్ళు తిరిగాయి. 1860 నాటి ఐపీసీలో ఒకడి భూమిలోకి నేరంగా చొరబడితే మూడు నెలల దాకా జైలు, లేకపోతే 500 దాకా జరిమానా, లేదా రెండూ. 1860లో 500 అంటే ఊరు కదిలిపోయే డబ్బు, దాన్ని అలాగే మొన్నటిదాకా ఉంచేసి 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షన్ కింద 5000 చేసారు. సరే, పెంచారు. కానీ కిటుకు వేరేచోట ఉంది. ఊరికే లోపలికొస్తే నేరం కాదట, ఏదైనా నేరం చెయ్యాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉండాలట. ఆ బీర్ల బ్యాచ్‌ని అడగండి, "మిమ్మల్ని విసిగించాలని కాదంకుల్, మీరొస్తారని మాకు తెలీనే తెలీదు" అంటారు. అది నిజం కూడా. నేను విసుక్కోవడానికి నా అంతట నేనే అక్కడికి వెళ్ళానని కోర్టులో తేలుతుంది.

దొంగతనం సంగతి ఇంకా ముచ్చట. 303వ సెక్షన్. పోయిన సొత్తు విలువ 5000 లోపుండి, వాడికి శిక్ష పడ్డం అదే మొదటిసారైతే, సొత్తో దాని విలువో తిరిగిచ్చేస్తే చాలు, సమాజ సేవ చేయిస్తారు. నాకిది బాగా నచ్చింది. మామిడికాయలు దొంగిలించినవాడి చేత మామిడిచెట్లకి పాదులు తీయిస్తే అంతకన్నా ఏం కావాలి, ఈరోజుల్లో కూలీలే దొరకట్లేదు. కాకపోతే మొదట వాడు దొరకాలి, తర్వాత కేసు నడవాలి, శిక్ష పడాలి, అప్పటికి చెట్టు బతికుండాలి.

ఆత్మరక్షణ హక్కు ఉంది కదా, ఆస్తికి కూడా వర్తిస్తుంది కదా అన్నారు మా లాయరు బావగారు. ఉంది. కానీ అవసరానికి మించి హాని చెయ్యకూడదు, పోలీసుల సాయం తీసుకునే టైముంటే అసలు ఆ హక్కే వాడకూడదు. అంటే అర్ధరాత్రి తాత ముందు టైముందో లేదో ఆలోచించాలి, తర్వాత 112 కొట్టాలి, మా దగ్గర సిగ్నల్ పనసచెట్టు రెండో కొమ్మ మీద మాత్రమే వస్తుంది కాబట్టి చెట్టెక్కాలి, ఈలోగా కర్ర ఎంత గట్టిగా పట్టుకోవాలో లెక్కేసుకోవాలి. తాతకి ఇదంతా అరగంట కూర్చుని చెప్పా. మొత్తం విని "అయితే నాను పడుకుంతాను బావూ" అన్నాడు.

ఇలా నిరాశలో ఉండగా దొరికింది నాకు అసలు రత్నం, 1871 నాటి పశువుల చొరబాటు చట్టం. తెల్లవాడు ఎన్ని పాపాలు చేసినా ఇదొక్కటి మాత్రం బుద్ధిపెట్టి రాసాడు. మన చేలో పశువు పడి పంట పాడుచేస్తే రైతు తనే పట్టుకోవచ్చు, ఉద్దేశాలు అడగక్కర్లేదు, విసిగించడానికొచ్చావా నేచర్ కోసమొచ్చావా అని గేదెని నిలదియ్యక్కర్లేదు. 24 గంటల్లోగా, పట్టుబడ్డ పశువుల్ని కట్టేసే బందెలదొడ్డికి తోలెయ్యాలి. అక్కడ దానికి మేత, నీళ్ళు. యజమాని వచ్చి జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే పోలీసులకి చెప్పి, దండోరా వేయించి, ఇంకో ఏడు రోజులు చూసి, వేలం. రేట్లు కూడా అప్పుడే కట్టేసారు, ఏనుగుకి రెండు రూపాయలు, ఒంటెకీ గేదెకీ ఎనిమిదణాలు, గుర్రానికీ ఆవుకీ ఎద్దుకీ నాలుగణాలు, దూడకీ గాడిదకీ పందికీ రెండణాలు, గొర్రెకీ మేకకీ ఒక అణా. ఎవరైనా వచ్చి మన పట్టులోంచి పశువుని బలవంతంగా విడిపించుకుపోతే ఆరు నెలల దాకా జైలు. చూసారా, మనిషి చొరబడితే మూడు, పట్టుకున్న మేకని లాక్కుపోతే ఆరు.

నా డిమాండు చిన్నది. ఈ చట్టంలో పశువు అన్నచోట "మనిషి కూడా" అని రెండు మాటలు చేర్చండి చాలు. ప్రతి మండలానికీ ఒక మనుషుల బందెలదొడ్డి. బైకు కుర్రాడికి మేక రేటు, ఎలాగూ మందగా వస్తారు. ప్రీవెడ్డింగ్ జంటకి గుర్రం రేటు, డ్రోన్ వాడికి వేరే. రియల్ ఎస్టేట్ వాడికి ఏనుగు రేటే, అడుగుపెట్టాక కదలడు. పెద్దింటి అబ్బాయైతే తండ్రి ఫోన్ వస్తుంది, ఆ ఫోన్‌కి ఒంటె రేటు. మేతగా ఉదయం ఉప్మా, రాత్రి ఉప్మా. ఏడు రోజుల్లో ఇంట్లోవాళ్ళు రాకపోతే వేలం, పాటలో జీడిపిక్కలు ఏరగలిగినవాడికి మంచి ధర పలుకుతుంది. కార్తీక మాసంవాళ్ళకి మినహాయింపు, పనసపొట్టు కూర తెస్తే. కంచె పోరంబోకులోకి జరుపుకున్నవాళ్ళ సంగతి ఇంకో చట్టంలో చూసుకోవచ్చు, తొందరేం లేదు.

ఇదంతా నీటుగా నాలుగు పేజీలు డీటీపీ చేయించి సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చా. అక్కడి గుమస్తా ఓపిగ్గా చదివాడు, నవ్వలేదు. "ఐడియా బానే ఉంది సార్, కొత్త చట్టం దాకా ఎందుకు, మీ ఊళ్ళో పాత బందెలదొడ్డి స్థలం రికార్డులో ఉంది, ఎనిమిది సెంట్లు. ముందు అదేమైందో చూసి రండి, ఖాళీగా ఉంటే రాసిపెడదాం" అన్నాడు.

తాతనడిగితే దారి చూపించాడు. రావిచెట్టు దాటాక, పాత నుయ్యి పక్కన. రాతిగోడ మూడువైపులా ఇంకా ఉంది, నాలుగోవైపు రేకులు కొట్టి షెడ్డు వేసేసారు, ముందు కాటా వేలాడుతోంది. పాత ఇనుము, సీసాలు, ప్లాస్టిక్కు కొనబడును. లోపల కుప్పలు కుప్పలుగా డ్రిప్ పైపులు, ముళ్ళతీగ చుట్టలు, మోటారు బాడీలు, తలుపుల్లేని బీరువా ఒకటి. ఆ బీరువా మీద, సరిగ్గా నా కళ్ళెదురుగా, స్టార్టరు డబ్బా. మూత మీద మా ఆవిడ అంటించిన లక్ష్మీదేవి స్టిక్కరు, దసరాకి పెట్టిన పసుపు బొట్టుతో సహా.

"ఇది నాది" అన్నా.

"అందరూ అలాగే అంతారు సార్" అన్నాడు కొట్టువాడు, ఏమీ నొచ్చుకోకుండా. "కొత్తదైతే నాలుగు వేలు. దీనికి పన్నెండొందలు ఇచ్చీండి."

తాత నా చెవిలో "తొమ్మిదొందలకి అడగండి బావూ, మొన్న పక్కోళ్ళ డబ్బా అంతకే ఇచ్చీసినాడు" అన్నాడు. తొమ్మిదొందల యాభైకి తెగింది. రసీదు అడిగితే రాసిచ్చాడు కూడా, పాత ఇనుము, ఒక శాల్తీ. డబ్బా స్కూటర్ వెనక కడుతుంటే అతనే తాడు బిగించి, ఈసారి చెక్కకి మేకులు కాకుండా బోల్టులు వేయించుకోండి సార్, మేకులైతే ఇట్టే వచ్చేస్తున్నాయి అని చెప్పాడు.