ఎంత అన్నదే కాదు, ఏ రేడియేషన్ అన్నదీ అడగాలి

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ పైకప్పు మీద సెల్ టవర్ పెడతారనే మాట వినపడితే చాలు, క్యాన్సర్ భయంతో కాలనీ అంతా ఏకమవుతుంది. అదే కాలనీవాళ్లు పంజాగుట్టలో పిల్లలకు సీటీ స్కాన్ తీయించేటప్పుడు రేడియేషన్ మోతాదెంతని ఒక్క మాట కూడా అడగరు. ఈ తేడా నాకు ఆందోళన కలిగిస్తోంది.

రేడియేషన్లన్నీ ఒకేలా హాని చేయవన్నది ప్రయోగశాల జంతువులు చెప్పిన సంగతి. ఎక్స్‌రేల లాంటివే అయిన గామా కిరణాలు తమ శక్తిని జీవకణమంతా చెదురుగా వదులుతాయి. అంతరిక్షంలో ఎదురయ్యే ఇనుప అయాన్లు (విద్యుదావేశంతో దూసుకొచ్చే ఇనుప పరమాణువులు) అదే శక్తిని సన్నని దారి వెంట గుమ్మరిస్తాయి. ఆ దారిలో డీఎన్ఏ రెండు పోగులూ దగ్గరదగ్గరగా తెగుతాయి, కణం వాటిని సరిగా అతికించుకోలేకపోతుంది. అయితే ఇనుప అయాన్లు ఎప్పుడూ ఎక్కువ ప్రమాదమేనా? ఒకే జాతి చుంచెలుకల మీద పోల్చి చూస్తే, కాలేయ క్యాన్సర్ విషయంలో అవి గామా కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరమని తేలింది. రక్త క్యాన్సర్ విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు! పైగా ఇలాంటి అంచనాల్లో తరచూ వాడిన హార్డేరియన్ గ్రంథి చుంచెలుక కంటి వెనుక ఉంటుంది, మనుషుల్లో అది లేనట్టే. అందుకే ఆల్ఫా కణాలకూ (హీలియం కేంద్రకాలకూ) ఇనుము లాంటి భార అయాన్లకూ అంతర్జాతీయ నిబంధనల్లో ఇచ్చిన 20 అనే గుణకాన్ని, అంటే అదే మోతాదు గామా కంటే ఇరవై రెట్లు హానికరమని లెక్కగట్టడాన్ని, ప్రకృతి సూత్రంగా కాక రక్షణ కోసం కుదుర్చుకున్న లెక్కగానే నేను చూస్తాను.

ఇక టవర్ సంగతి. సెల్‌ఫోన్ తరంగాలకు డీఎన్ఏను నేరుగా తెంచే శక్తి లేదు. 2018లో వెలువడిన అమెరికా ప్రభుత్వ అధ్యయనంలో ఎలుకల ఒళ్లంతటికీ రోజుకు తొమ్మిది గంటల చొప్పున రెండేళ్లు, కిలో శరీర బరువుకు 6 వాట్ల దాకా తరంగాలు పట్టించారు. మగ ఎలుకల గుండెలో కణితులు కనిపించాయి, ఆడవాటిలో అంత స్పష్టంగా లేవు. తరంగాలు తగిలిన మగ ఎలుకలే తగలనివాటికంటే ఎక్కువ కాలం బతికాయి కూడా. దీన్ని తీసిపారేయకూడదు, కానీ కాలనీ టవర్‌కు ఉన్నదున్నట్టు అన్వయించనూ కూడదు.

సీటీ స్కాన్‌లో వాడే ఎక్స్‌రేల విషయంలో ఇంత సందిగ్ధం లేదు. అవి క్యాన్సర్ కారకాలన్న సంగతి జంతువుల్లోనూ మనుషుల్లోనూ రుజువైంది. అవసరమైన స్కాన్ మానుకోమని నేను అనను. సీటీ యంత్రం ప్రతిసారీ మోతాదు లెక్కగట్టి చూపిస్తుంది. ఆ అంకెను రిపోర్టులో ముద్రించి ఇవ్వమని నగరంలోని ప్రతి డయాగ్నొస్టిక్ సెంటర్‌నూ, ముఖ్యంగా పిల్లల విషయంలో, మనం పట్టుబట్టి అడగాలి.