స్పీకర్ గతం కాదు, పార్టీ సభ్యత్వం చూడండి

హక్కుల కోసం పోరాడిన మనిషి స్పీకర్ కుర్చీ ఎక్కితే ప్రతిపక్షానికి ఇక దిగుల్లేదని నమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లంతా దక్షిణాఫ్రికా స్పీకర్‌గా ఫ్రీన్ జిన్‌వాలా పదేళ్ల పదవీకాలాన్ని ఒకసారి తిరగేయాలి. జొహన్నెస్‌బర్గ్ పార్సీ కుటుంబంలో పుట్టి, బారిస్టరై, 1960లో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ (ఏఎన్‌సీ) నేత ఒలివర్ టాంబోను దేశం దాటించడానికి తోడ్పడి, మూడు దశాబ్దాలు ప్రవాసంలో గడిపిన మహిళ ఆమె. 1994లో దక్షిణాఫ్రికా తొలి ప్రజాస్వామ్య పార్లమెంటుకు స్పీకర్ అయ్యారు. ఇంతకన్నా గట్టి హక్కుల చరిత్ర ఏ స్పీకర్‌కు ఉంటుంది?

అయినా 1997 అక్టోబరులో ఏం జరిగిందో చూడండి. అధికార ఏఎన్‌సీలో కొందరు వర్ణవివక్ష ప్రభుత్వానికి గూఢచారులుగా పనిచేశారంటూ ప్రతిపక్ష సభ్యురాలు పట్రీషియా డిలీల్ సభలోనే పేర్లు చదివారు. సభ్యులపై అలా మాట్లాడకూడదని అధ్యక్ష స్థానం చెప్పడంతో ఆ మాటలు వెనక్కి తీసుకున్నారు. మామూలుగా అయితే అక్కడితో సరి. కానీ మెజారిటీ పక్షం ఊరుకోలేదు. కమిటీ వేసి, 15 పనిదినాలు సస్పెండ్ చేసింది.

అసలు విషయం ఆ తర్వాత ఉంది. డిలీల్ కేప్ హైకోర్టుకు వెళ్లారు. అప్పుడు జిన్‌వాలా 1963 నాటి పార్లమెంటు అధికారాల చట్టంలోని 5వ సెక్షన్‌ను బయటికి తీశారు. ఇది సభాహక్కుల వ్యవహారమని స్పీకర్ సర్టిఫికెట్ ఇస్తే చాలు, కోర్టు విచారణ ఆపేయాలన్నది ఆ సెక్షన్. తెల్లవాళ్లు మాత్రమే కూర్చున్న సభ చేసిన చట్టం అది. దాన్ని అడ్డుపెట్టుకున్నది ఆ సభను కూలదోయడానికే జీవితం ధారపోసిన మనిషి! 1998లో హైకోర్టు ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని తేల్చి, సస్పెన్షన్‌ను కొట్టేసింది. స్పీకర్ అప్పీలుకు వెళ్లి 1999లో అక్కడా ఓడిపోయారు. సభలో గందరగోళాన్ని అదుపు చేసే అధికారం వేరు, గందరగోళమేమీ లేకుండా మాట్లాడిన మాటకు శిక్ష వేయడం వేరు. రెండోదానికి రాజ్యాంగం చోటివ్వదని అప్పీలు కోర్టు స్పష్టం చేసింది.

ఆయుధాల ఒప్పందంలోనూ ఇదే తంతు. సుమారు 3 వేల కోట్ల ర్యాండ్ల కొనుగోళ్లపై ఉమ్మడి దర్యాప్తు జరగాలని, అందులో న్యాయమూర్తి హీత్ నడిపే అవినీతి దర్యాప్తు ప్రత్యేక విభాగం కూడా ఉండాలని 2000లో ప్రజా పద్దుల కమిటీ చెప్పింది. సభ ఆ నివేదికను ఆమోదించింది. ఆ ఆమోదం అధ్యక్షుడికి ఆదేశమేమీ కాదని డిసెంబరు చివర్లో స్పీకర్ వివరణ ఇచ్చారు. మరుసటి నెలలోనే అధ్యక్షుడు ఎంబెకీ హీత్ విభాగాన్ని పక్కనబెట్టారు.

ఆమె చేసిన మంచిని కాదనలేం. మూసిన తలుపుల వెనక నడిచే కమిటీలను జనానికి తెరిచారు. 400 మందిలో 111 మంది మహిళలు అడుగుపెట్టిన సభను వాళ్లకు తగ్గట్టు మార్చారు. పార్టీలో పలుకుబడి ఉండబట్టే ఇవి సాధ్యమయ్యాయన్న వాదనలోనూ కొంత నిజముంది. కానీ కుర్చీకి పరీక్ష ప్రారంభోత్సవాల రోజున కాదు, సొంత పార్టీకి నొప్పి కలిగే రోజున.

పదవి దిగాక ఆమే వేరుగా కనిపిస్తారు. ప్రభుత్వం సస్పెండ్ చేసిన జాతీయ ప్రాసిక్యూషన్ అధిపతి వూసి పికోలీపై విచారణను ఆమెకే అప్పగించారు. 2008లో ఆయన పదవికి తగినవారేనని తేల్చి, న్యాయశాఖ ఉన్నతాధికారికి అక్షింతలు వేశారు. సర్కారు ఆయన్ను ఎలాగూ తీసేసింది, అది వేరే కథ. మనిషి మారలేదు, కూర్చున్న చోటు మారింది.

దక్షిణాఫ్రికాలో ఎంపీలు పార్టీ జాబితా నుంచి వస్తారు. పార్టీ సభ్యత్వం పోతే సీటు పోతుంది, సీటుతో పాటే స్పీకర్ పదవీ పోతుంది. అంటే తటస్థంగా ఉండాలని పార్టీ వదిలితే కుర్చీ కూడా వదలాల్సిందే. ఆమె తర్వాత వచ్చిన బలేకా ఎంబెటే అయితే ఒకే సమయంలో పార్టీ జాతీయ చైర్‌పర్సన్, స్పీకర్ కూడా. అధ్యక్షుడు జుమా సొంతింటికి ప్రజాధనం ఖర్చు చేసిన న్కాండ్లా వ్యవహారంలో సభ తన బాధ్యత నెరవేర్చలేదని 2016లో రాజ్యాంగ న్యాయస్థానం చివాట్లు పెట్టింది ఆ హయాంలోనే.

మనం నవ్వుకోవాల్సిన పని లేదు. 1967లో లోక్‌సభ స్పీకర్ కాగానే నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్‌కు రాజీనామా చేశారు. రెండేళ్లకే ఆ పార్టీ తరఫునే రాష్ట్రపతి పదవికి పోటీ చేశారనుకోండి. స్పీకర్ పార్టీని వదిలినా అనర్హత వేటు పడదని రాజ్యాంగంలోని ఫిరాయింపుల నిరోధక చట్టమైన పదో షెడ్యూలు 5వ పేరా ఆ తర్వాత హామీ కూడా ఇచ్చింది. ఆ వెసులుబాటు కాగితం మీదే ఉండిపోయింది. తెలంగాణలో పది మంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేల ఫిరాయింపు ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టే స్పీకర్‌కు గడువు పెట్టాల్సి వచ్చింది.

5వ పేరాలోని వెసులుబాటును తప్పనిసరి చేయాలి. ఎన్నికైన రోజే రాజీనామా, ఆ పదవిలో ఉన్నంతకాలం పార్టీ శాసనసభాపక్ష సమావేశాలకు దూరం. ఫిరాయింపు ఫిర్యాదులను మాజీ న్యాయమూర్తి నేతృత్వంలోని శాశ్వత ట్రిబ్యునల్‌కు మార్చే ఆలోచన చేయమని సుప్రీంకోర్టు 2020లోనే పార్లమెంటుకు సూచించింది. ఆ బిల్లు ఇంకా ఎందుకు రాలేదో అన్ని పార్టీలనూ అడగాలి.